ముసలి ఫిరంగుల కోట

నార్వే రాజధాని ఓస్లో నుంచి ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ వెంట దక్షిణానికి వస్తే డ్రోబాక్ అనే చిన్న ఊరు. ఎదురుగా నీళ్ల నడుమ దీవుల మీద ఆస్కార్స్‌బోర్గ్ కోట. రేవులో పడవెక్కితే నిమిషాల్లో చేరుకుంటాం. సముద్రం మీంచి ఓస్లోకు పోయే పెద్ద ఓడలన్నీ ఈ ఇరుకైన జలమార్గం దాటాల్సిందే.

సందర్శకులు మొదట ఆగేది ఫిరంగుల దగ్గర. జర్మనీలో క్రుప్ కంపెనీ పోసిన మూడు ఫిరంగులివి, 1893లో వచ్చాయి. గొట్టం వెడల్పు 28 సెంటీమీటర్లు, ఒక్కో గుండు బరువు 250 కిలోల పైనే. ఒడ్డుకు దించేటప్పుడు ఒకటి జారి నీళ్లలో పడింది. పైకి లాగి దానికి, బైబిల్లో నీళ్లలోంచి బయటికి తీసిన మోషే పేరు పెట్టారు. మిగతా రెండూ అహరోను, యెహోషువ.

1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఓస్లోను పట్టుకోవడానికి బ్లూషర్ అనే జర్మన్ యుద్ధనౌక, దాని వెనక మరికొన్ని ఓడలు ఈ ఇరుకులోకి వచ్చాయి. బ్లూషర్ నౌకాదళంలో చేరి ఏడాది కూడా కాని ఓడ. కోటలో ఉన్నవాళ్లేమో ఎక్కువమంది అప్పుడే చేరిన కుర్రాళ్లు. ఫిరంగుల దగ్గరకు వంటవాళ్లను కూడా పిలవాల్సి వచ్చింది. అధిపతి కర్నల్ బిర్గెర్ ఎరిక్సెన్‌కు వచ్చేవి ఎవరి ఓడలో కచ్చితంగా తెలియదు, కాల్చమని పైనుంచి ఆదేశమూ లేదు. పతకమో, కోర్టు మార్షలో తేలిపోతుందని ఆయన కాల్చమన్నాడు. మోషే, అహరోను చెరొక గుండు పేల్చాయి. రెండూ తగిలాయి. మళ్లీ గుండు నింపే వ్యవధి లేదు.

మిగిలిన పని టార్పెడోలది. వాటి స్థావరం పక్క దీవిలో, కొండరాతిని తొలిచి కట్టింది. లోపలికి వెళితే చల్లటి గాలి, పట్టాలు, ఇనుప చట్రాలు. టార్పెడోను చట్రంలో పెట్టి నీళ్లలోకి దించి, నీటి అడుగునే వదిలేవారు. అందుకే బయటికి ఏమీ కనిపించదు. జర్మన్లకు దీని సంగతే తెలియదు. టార్పెడోలు నలభై ఏళ్ల నాటివి. వాటిని వదలమన్న ఆండ్రియాస్ ఆండర్సెన్ రిటైరై డ్రోబాక్‌లో ఉంటున్న అధికారి. అసలు అధికారికి జబ్బు చేయడంతో ముందురోజు సాయంత్రం పిలిపించారు.

రెండు టార్పెడోలు తగిలి బ్లూషర్ మునిగింది. వెనకున్న ఓడలు తిరుగుముఖం పట్టాయి. ఆ వ్యవధిలో నార్వే రాజు ఏడో హాకోన్, మంత్రులు, పార్లమెంటు సభ్యులు రైలెక్కి ఓస్లో దాటారు. దేశ కేంద్ర బ్యాంకు బంగారం కూడా నగరం దాటింది. మర్నాడు కోట లొంగిపోయింది.

టార్పెడో స్థావరాన్ని మాత్రం యుద్ధం ముగిశాక కూడా నార్వే సైన్యం రహస్యంగా నడిపింది, 1993 దాకా. 2003లో కోట తలుపులు జనానికి తెరుచుకున్నాయి. ఇప్పుడక్కడ మ్యూజియంతో పాటు హోటల్ ఉంది, వేసవిలో ఒపెరాలూ ఆడతారు.