ముందు సమస్య, ఆ తర్వాతే పాఠం!

ఇంత గొప్ప పద్ధతి యాభై ఏళ్లకు పైగా ఈ లోకంలో ఉందా! సమస్య ఆధారిత అభ్యసనం మీద శిక్షణకు వెళ్లొచ్చాను. ఆ ఉత్సాహం ఇంకా తగ్గలేదు. స్టాఫ్ రూంలో ఎవరు ఎదురుపడినా ఇదే కబురు చెబుతున్నాను. ఇప్పుడు మీ వంతు.

మామూలుగా మనం పాఠం చెప్పి, చివర్లో అభ్యాసం ఇస్తాం. ఇక్కడ వరస తిరగబడుతుంది. ముందే ఓ చిక్కు వచ్చి కూర్చుంటుంది, అదీ నిజ జీవితంలోంచి. దాన్ని విప్పాలంటే ఏం తెలియాలో పిల్లలే తేల్చుకుంటారు. వెతికి చదువుతారు, వచ్చి ఒకరికొకరు చెప్పుకుంటారు. పాఠం కావాలని వాళ్లే అడుగుతారు!

శిక్షణలో మాకు అందిన కాగితం మీద ఉన్నది ఇంతే: ‘నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. బోరు నీళ్లు తేటగా ఉన్నాయి. బడిపిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ఓ పెద్దాయనకు నడుం వంగదు, మెడ తిరగదు. కారణం ఏమిటి? ఏం చేయాలి?’ కింద పాఠం పేరు లేదు, సూచనలు లేవు.

లెక్కలు, సైన్సు, సోషల్, తెలుగు టీచర్లం ఒకే బల్ల చుట్టూ చేరాం. పెద్ద చార్టు మధ్యలో గీత గీసి, ఒకవైపు ‘తెలిసినవి’, రెండోవైపు ‘తెలుసుకోవాల్సినవి’ అని రాశాం. ఫ్లోరైడ్ అని అందరం ఒక్కసారే అన్నాం. మరి అది నీళ్లలోకి ఎక్కణ్నుంచి వచ్చింది? పళ్లకు మంచిదని పేస్టులో కలిపేది ఎముకలనెలా పాడుచేస్తుంది? ఎంత దాటితే ప్రమాదం? చూస్తుండగానే రెండోవైపు నిండిపోయింది.

అప్పుడు ఓ మేడం, “కాచి చల్లార్చి తాగితే సరిపోతది గద సార్!” అన్నారు. శిక్షకుడు అవుననలేదు, కాదనలేదు. “కాగేటప్పుడు గిన్నెలోంచి ఏం పోతది మేడం? ఏం మిగులుతది?” అని మాత్రం అడిగారు. లెక్కల సార్ పెన్ను అందుకున్నారు. లీటరు నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. సగం ఆవిరైతే మిగిలిన అరలీటరులో ఆ 3 మిల్లీగ్రాములూ అలాగే ఉంటాయి. అంటే లీటరుకు 6! కాచిన కొద్దీ గాఢత పెరుగుతుందన్నమాట! బల్లంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరూ చెప్పకుండా, మా అంతట మేం పట్టుకున్నాం ఆ సంగతిని.

ప్రశ్నలు పంచుకుని చదివి వచ్చాక ఇంకా పండగ. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుందని ఒకరు చెప్పారు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఉండొచ్చని మరొకరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిందని, దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’ అని ఇంకొకరు చెప్పగానే అందరి ముఖాలూ వెలిగిపోయాయి. “మరి అడుగున పేరుకునే మడ్డిని ఎక్కడ పారబోస్తారు?” అని సోషల్ సార్ అడిగారు. అంతే, నది నీళ్లను పైపులతో ఊరూరికీ తెచ్చే మిషన్ భగీరథ దాకా చర్చ సాగింది. ఒక్క కాగితం భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం, లెక్కలు, పాలన అన్నిటినీ ఒక బల్ల మీదికి లాక్కొచ్చింది!

ఈ పద్ధతి పుట్టింది వైద్యవిద్యలో. కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో 1969లో చేరిన మొదటి బ్యాచ్‌తోనే మొదలైంది. అప్పుడు డీన్ జాన్ ఎవాన్స్. హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు దీనికి గట్టి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ అందుకుంది. పదాలు తేటపరచుకోవడం నుంచి చదివింది పంచుకోవడం దాకా ఏడు మెట్లుగా నడిపే పద్ధతి అక్కడిదే. రోగి వచ్చి ‘నాది ఫలానా అధ్యాయం’ అని చెప్పడు కదా! బతుకులో ఏ చిక్కూ అలా చెప్పి రాదు.

మరి టీచరు పని తగ్గిపోతుందా? పెరుగుతుంది! మంచి సమస్య రాయడానికే బోలెడు కసరత్తు కావాలి. జవాబు నాలుక చివర ఉన్నా ఆపుకుని, “ఎందుకలా అనుకుంటున్నావు? ఆధారం ఏంటి?” అని అడగగలగాలి. పునాదులు బలంగా లేని పిల్లలకు పక్కన కూర్చుని చేయూతనివ్వాలి. సిలబస్ అంతా ఇలాగే సాగాలని ఎవరూ అనడం లేదు. యూనిట్‌కు ఒక్క సమస్య చాలు, మొదలుపెట్టడానికి.

నా తరగతికి మొదటి సమస్య రాసేశాను: ‘బడి బోరు నీళ్లతో సబ్బు నురగ రాదు, వాననీళ్లతో వస్తుంది. ఎందుకు? ఏం చేద్దాం?’ నీటి కాఠిన్యం పాఠానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? మీ ఊళ్లోనూ ఇలాంటి చిక్కు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి, జవాబు చెప్పకుండా పిల్లల చేతికివ్వండి. వాళ్లు ఎంత దూరం వెళ్తారో చూసి తీరాలి!