బాల్కనీలో వదిన

ఓడ ప్రయాణాల్లో ధర ఎప్పుడూ గదికి ఇద్దరన్న లెక్క మీదే వేస్తారు. ఒక్క మనిషే వెళ్తానంటే చాలా ఓడల్లో రెండో మనిషి ఛార్జీ కూడా దాదాపు పూర్తిగా ఆమే కట్టాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సింగిల్ సప్లిమెంట్. పెళ్లి చేసుకోకుండా అరవై నాలుగేళ్లు బతికినదాన్ని. అద్దె ఇళ్ల దగ్గర్నుంచి ఆసుపత్రి సంతకాల దాకా ఒంటరితనానికి రకరకాల పన్నులు కట్టాను గానీ, లేని మొగుడికి టిక్కెట్టు కొనమని ఇంత సూటిగా అడిగినవాళ్లు వీళ్లే. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒంటరివాళ్ల కోసమే 128 చిన్న గదులు కట్టారు. వాటి కిటికీలు సముద్రంలోకి కాదు, నడవాలోకి చూస్తాయి.

సియాటిల్లో మేనకోడలి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడినుంచి అలాస్కా ఓడ ఎక్కాలని నా చిరకాల కోరిక. పెన్షన్‌లోంచి దాచుకున్నాను. అప్పటికే మా వదిన అక్కడుంది. ఆమె అక్కడుండటం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఆరు నెలలు, రెండేళ్ల మనవడు, మూడు పూటలా వంట. మన అమ్మమ్మల్లో చాలామందికి అమెరికా అంటే ఒక వంటిల్లు, ఒక స్ట్రోలర్.

నా ఓడ మాట వినగానే అందరం కలిసే వెళ్దామన్నాడు అల్లుడు. వాళ్లిద్దరికీ బాల్కనీ గది. నాకూ వదినకూ పిల్లాడికీ కిటికీ లేని లోపలి గది. "గదిలో ఎవరుంటారత్తా, నిద్రపోవడానికేగా" అంది మేనకోడలు. మంచి పిల్ల. తల్లిని సుఖపెట్టాలనే ఉంది దానికి. కానీ ఆ ఏర్పాటులో వదిన పనేమీ మారలేదు. పని చేసే చోటు నీళ్లమీదికి మారిందంతే.

లేని మనిషికి ఎలాగూ కడుతున్నాను కదా, ఆ చోట ఉన్న మనిషినే తీసుకెళ్తానన్నాను. ఏడు రాత్రులు, ఇద్దరమే, బాల్కనీ గదిలో. పిల్లాణ్ణి ఎవరు చూస్తారని అడిగితే జవాబు చెప్పలేదు. వాడి తల్లీ తండ్రీ ఇంట్లోనే ఉన్నారు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో అడిగిన సొంత గది గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నేను, డబ్బు పెట్టి కొనుక్కున్న ఏకాంతాన్ని సగం పంచుకోవడం బాధ కలిగించలేదంటే అబద్ధం. కానీ ఆ గది వదినకు కూడా ఎవరూ ఇవ్వలేదు.

"బాల్కనీ ఎందుకమ్మాయ్ దండగ" అంది వదిన. నేను మూడు వారాలు ఓడ నక్షాలు ముందేసుకు కూర్చున్నాను. ఈ బాల్కనీలు మరీ పాతవేం కాదు. 1984లో రాయల్ ప్రిన్సెస్ అనే ఓడలో ప్రయాణికుల గదులన్నీ సముద్రం వైపే పెట్టి, చాలావాటికి బాల్కనీలు కట్టారు. అంతకుముందు అవి కొద్దిమంది ధనవంతులకే. ఎంచుకోవడంలోనూ చాలా సంగతులున్నాయి. ఈత కొలను, భోజనశాల ఉన్న అంతస్తుకి సరిగ్గా కింద తీసుకుంటే తెల్లవారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. కొన్ని గదుల ముందు లైఫ్ బోట్లు అడ్డం. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా, తెరిచిన సముద్రంలోనే పోతాయి. అందుకని ఊపు తక్కువుండే నడిమి భాగం చూసుకున్నాను. కటకటా అద్దందా, ఇనుప పలకదా అన్నది ఎవరూ చెప్పరు గానీ అదే ముఖ్యం. వదిన నాలుగడుగుల పది అంగుళాల మనిషి. ఇనుప పలకైతే కూర్చున్న ఆమెకు కనిపించేది ఇనుమే.

ఆ కటకటా ఎత్తు వెనక ఒక చట్టం ఉంది. 42 అంగుళాలకు తగ్గకూడదని, గది తలుపులకు బయటి మనిషిని చూసే రంధ్రం ఉండాలని, అత్యాచారానికి గురైనవాళ్లకు చికిత్స చేసి సాక్ష్యం సేకరించగల వైద్య సిబ్బంది ఓడలో ఉండాలని 2010లో అమెరికా చట్టం చేసింది. ఓడల మీద దాడికి గురైన స్త్రీలు, మనుషులు మాయమైన కుటుంబాలవాళ్లు కాంగ్రెస్ ముందు నిలబడి చెప్పాకే అది వచ్చింది. విహారానికి టిక్కెట్టు కొంటూ ఇవన్నీ చదవడం ఎందుకంటారా? మనం ఏ గది తీసుకున్నా ముందు గడియ చూసుకునేవాళ్లమే కదా.

2024 జూన్‌లో ఎక్కాం. మొదటి సాయంత్రం వదిన బాల్కనీలోకి వెళ్లి వెంటనే లోపలికొచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. విజయవాడ ఫ్లాట్‌లో బాల్కనీ అంటే బట్టల దండెం, గ్యాస్ సిలిండర్, విరిగిన కుర్చీ, తులసి కుండీ. ఇక్కడ కటకటా మీద తువ్వాలు కూడా ఆరేయనివ్వరు. చేతిలో తడిబట్ట లేకుండా, బియ్యం చేట లేకుండా అక్కడ ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు. చివరికి కొంగు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

గది శుభ్రం చేసే అమ్మాయిది ఇండోనేషియా. వదినకూ ఆమెకూ ఉమ్మడి భాష లేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించుకున్నారు. ఆ అమ్మాయి కొడుకు కూడా అమ్మమ్మ దగ్గరే పెరుగుతున్నాడు. ఆమె పడుకునేది కింద, ఇంకొకామెతో కలిసి, కిటికీ లేని గదిలో. మూడోరోజు నుంచి వదిన మా పక్కలు తనే సర్దెయ్యడం మొదలుపెట్టింది. వద్దనలేకపోయాను. మేం చూసే సముద్రం కింద మనుషులు చీకట్లో పడుకున్నారన్నది మాత్రం పక్కలు సర్దితే పోయేది కాదు.

గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద ఓడల్నే రానిస్తారు. 18వ శతాబ్దంలో ముందుకు కదిలిన మంచు హూనా ట్లింగిట్ జనాన్ని వాళ్ల ఊళ్ల నుంచి తరిమేసింది. తర్వాత అదే మంచు వంద కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగి, అన్నివైపులవాళ్లకీ కనబడేలా మెల్లగా తిరుగుతుంది. అంటే కుడివైపా ఎడమవైపా అని నేను పాడుచేసుకున్న నిద్రకు పెద్ద అర్థం లేదు. దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పెద్ద మంచుముక్క విరిగి నీళ్లలో పడింది. ముందు పడటం కనిపించింది, ఉరుము తర్వాత వినిపించింది.

"మీ అన్నయ్య నన్ను బాల్కనీలో నిలబడనిచ్చేవాడు కాదు" అంది వదిన, మంచువైపే చూస్తూ. "ఎదురింట్లో కుర్రాళ్లున్నారని. ఆయన ఆఫీసుకెళ్లాక బట్టలు ఆరేసి, వచ్చేలోపల తీసేసేదాన్ని. ఆరకపోయినా సరే."

అన్నయ్య నాకు సైకిల్ కొనిపెట్టినవాడు. నన్ను ఎమ్మే చదివించమని నాన్నతో పోట్లాడినవాడు. వాడు పోయి రెండేళ్లయింది. నేను ఫ్లాస్కులోంచి టీ పోసి వదినకిచ్చాను. ఆమె కప్పు అందుకుని, "ఆ ఇల్లు కాదు, అంతకుముందు గవర్నరుపేటలో ఉన్నామే, అక్కడైతే..." అంటూ ఇంకా చెబుతోంది.