గాజుతొట్టెలోని కప్పలు

వనపర్తిలోని మా యింట గాజుతొట్టెలో నాలుగు ఆఫ్రికా మరుగుజ్జు కప్పలను పెంచుచున్నాను. ఒక్కొక్కటి రెండంగుళములకు మించదు. చూడవచ్చిన బాలురు “వీనికేమి పెట్టుదురు?” అని యడుగుదురు. అంతకంటె ముందు తెలిసికొనవలసినది నీటిని గూర్చి. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. నీటిలోని విషము దాని దేహమునకును విషమే. కావున నల్లానీటిని ఒక దినము వెడల్పు పాత్రలో నుంచి, క్లోరిన్ పోయిన పిమ్మటనే తొట్టెలో పోయుదును. వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చి, మిగిలిన యాహారమును తీసివేయుదును. ఇవి గాలికై పైకి వచ్చును గావున, మూతకును నీటికిని నడుమ ఖాళీ యుంచుదును.

ఒకనాడు పొరుగింటి బాలుడు, “తాతగారూ! వీనిని శ్రీరంగాపురపు రంగసముద్రములో విడిచినచో సుఖపడవా?” అని యడిగెను.

“వలదు నాయనా! కప్పలను చంపు బూజు ఒకటి కలదు. 1999లో శాస్త్రజ్ఞులు దానికి పేరిడిరి. కప్పల వర్తకముతో నది దేశదేశములకు ప్రాకినది. వీనిపై నున్నదో లేదో కంటికి కానరాదు. రంగసముద్రమైనను, నాగర్‌కర్నూలు కేసరిసముద్రమైనను మన కప్పలకు పుట్టినిల్లు. తొట్టె కడిగిన నీటిని సైతము అందు పోయరాదు” అంటిని.

ఒక ప్రాణిని సాకువాడు తక్కిన ప్రాణులకు కీడు కలుగకుండ చూచుటయు దయయే.