ఎత్తుకో

మూడు నెలలుగా మా సంసారమంతా ఒక్క క్రియాపదం చుట్టూ తిరుగుతున్నది. ఆ పదం "ఎత్తుకో". పలికేవాడు మా మనుమడు బుజ్జిగాడు. వచ్చిన రోజున వాడి వయస్సు 2 సంవత్సరాల 4 నెలలు, బరువు ఆసుపత్రి త్రాసు మీద 12న్నర కిలోలు. వినవలసినది వాడి తల్లి, అంటే మా అమ్మాయి. ఆమెకు అప్పుడు ఐదవ నెల.

మొదటి కాన్పు పుట్టింట, రెండవది అత్తింట అన్నది మా వైపు ఆనవాయితీ. ఈసారి వియ్యపురాలికి మోకాళ్ళ శస్త్రచికిత్స జరగడంతో ఆ ఆనవాయితీ తప్పింది. అమ్మాయి పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని హైదరాబాదు నుంచి తెనాలి వచ్చేసింది. అల్లుడుగారు శని, ఆదివారాలలో వచ్చిపోతుంటారు. ఇన్నాళ్ళూ నేనూ మా ఆవిడా ఇద్దరమే ఉండి, ఒక దినపత్రికతోనూ రెండు పూటల కాఫీతోనూ గడిచిపోయిన ఇల్లు ఒక్క వారంలో రూపు మారిపోయింది. గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా వంటింటి గుమ్మానికి చెక్క అడ్డం. మంచాల క్రింద బంతులు. నేను ముప్ఫై ఏళ్ళు భద్రంగా చూసుకున్న సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు నేల మీద వరుసగా పడుకొని రైలుబండి అయినాయి. అచ్చులతో మొదలయ్యే సంపుటం ఇంజను! (ఆ క్రమం వాడికి ఎవరూ చెప్పలేదు, సుమా.)

వచ్చిన వారానికే చేయించిన స్కానింగులో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: "మాయ కొంచెం కిందికి ఉన్నదండీ."

నేను ఉలిక్కిపడ్డాను. భాషాప్రవీణ చదివినవాడికి మాయ అనగానే శంకరులవారు గుర్తుకు వస్తారు. కానీ పల్లెటూరిలో పుట్టినవాణ్ణి కనుక మరుక్షణమే మా నాయనగారి గొడ్లచావడి కూడా గుర్తుకు వచ్చింది. గేదె ఈనిన తరువాత "మాయ పడిందా?" అని అడిగేవారు. బిడ్డకు తల్లి నుంచి ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే ఆ తిత్తినే మనవాళ్ళు మాయ అన్నారు, మావి అన్నారు. అది గర్భసంచికి పైభాగాన అంటుకొని ఉండవలసినది, అమ్మాయికి ముఖద్వారం దగ్గరగా అంటుకొన్నదట. డాక్టరమ్మ మంచి ఉపాధ్యాయురాలు. ఊదని బుడగ మూతి దగ్గర చుక్క పెట్టి, బుడగను ఊదితే చుక్క పైకి పోయినట్లు కనబడుతుంది కదా, అలాగే గర్భసంచి పెరిగే కొద్దీ మాయ కూడా పైకి జరుగుతుంది, పదిమందిలో తొమ్మండుగురికి అలా సర్దుకుంటుంది, 32 వారాలకు మళ్ళీ చూద్దాం అన్నది. అంతదాకా రెండే షరతులు. రక్తం చుక్క కనబడినా క్షణం ఆగకుండా రావాలి. బరువులు ఎత్తకూడదు.

మా ఇంట్లో అమ్మాయి ఎత్తే బరువు ఒక్కటే. అది నడుస్తూ, పరుగెడుతూ, రోజుకు ఇరవై సార్లు చేతులు చాచి ఎదుట నిలబడేది.

తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి కనుక ఇక్కడ ఒక సంగతి చెప్పుకోక తప్పదు. బస్తాను ఎత్తుతాము. బిందెను ఎత్తుతాము. బిడ్డను మాత్రం ఎత్తుకుంటాము. ఆ చివర చేరిన "కొను" ఉన్నదే, చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెప్పే ప్రత్యయం అది. వండితే ఎవరికో, వండుకుంటే తనకు. ఈ లెక్కన బిడ్డను ఎత్తుకుంటే ఆ ఫలం తల్లిదే కావాలి. నలభై ఏళ్ళు ఈ పాఠం నల్లబల్ల మీద ఉదాహరణలతో చెప్పాను. కానీ వాడు చేతులు చాచినప్పుడు, తన చేతులు వెనక్కు కట్టుకొని గోడకు ఆనుకొన్న అమ్మాయి ముఖం చూసిన రోజునే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైనది. వాడు అడుగుతున్నది తన కోసం. ఆమె పోగొట్టుకుంటున్నది తనది.

"అమ్మకు ఎందుకు ఎత్తుకోకూడదు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే అయినాను. తాత కదా, పైగా పంతులు. "అమ్మ పొట్టలో చెల్లి ఉన్నది నాన్నా, నిన్ను ఎత్తుకుంటే చెల్లికి నొప్పి పుడుతుంది" అని చెప్పాను. చాలా చక్కగా చెప్పాననే అనుకున్నాను. వాడు చేతులు దించి, తల్లి పొట్ట వైపు తేరిపార చూసి, "చెల్లి వద్దు" అని వెళ్ళిపోయాడు.

(చెల్లి అన్నది మా ఆవిడ కోరిక మాత్రమే. ఆడబిడ్డో మగబిడ్డో ముందుగా తెలుసుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. స్కానింగు గది గుమ్మం మీదనే బోర్డు ఉంటుంది. తెలుగుకు ఆ బాధ లేదు. వచ్చింది, తిన్నది, పడుకున్నది... ఆడపిల్లకూ పసిగుడ్డుకూ ఆవుదూడకూ క్రియ ఒక్కటే.)

అసలు దెబ్బ 24వ వారంలో తగిలింది. రాత్రి రెండు గంటల వేళ అమ్మాయి మమ్మల్ని లేపింది. ఆమె ముఖం చూసి మా ఆవిడ ఏమీ అడగలేదు, చీర మార్చుకొని సంచి అందుకున్నది. ప్రక్క వీధి ఆటో అబ్బాయిని లేపాను. వాళ్ళిద్దరూ వెళ్ళారు. నిద్రపోతున్న పిల్లవాడి దగ్గర నేను ఉండిపోయాను. తెల్లవారేదాకా ఫోను చేతిలో పెట్టుకొని కూర్చున్న ఆ మూడు గంటలలో నాకు నోటికి వచ్చిన పద్యం ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. ఐదున్నరకు మా ఆవిడ ఫోను చేసింది. రక్తం ఆగింది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటున్నది, రెండు రోజులు ఉంచుతారట.

ఆ రెండు రోజులూ బుజ్జిగాడు ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. సాయంత్రం స్టేషనుకు తీసుకువెళ్ళి రేపల్లె బండి చూపించాను. చెయ్యి ఊపాడు. పెరుగన్నం తిన్నాడు. రాత్రి మాత్రం అమ్మ చున్నీ ఒకటి వెదికి తెచ్చుకొని దానిని నలుపుతూ పడుకున్నాడు. మూడవనాడు అమ్మాయి ఇంటికి వచ్చి, ఆటో దిగి, గుమ్మంలోనే వంగబోయి, మానుకొని, "బుజ్జీ!" అని పిలిచింది. వాడు నా పంచె వెనుక నుంచి తొంగిచూసి స్పష్టంగా అన్నాడు: "మీ ఇంటికి పో."

దేశంలోని చాలా భాషలకు లేని ఒక సౌభాగ్యం మనకున్నది. మనము, మేము. సంస్కృతానికి వయమ్ ఒక్కటే, హిందీకి హమ్ ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనము, బయట ఉంచితే మేము. ఈ భేదం పసివాడికి ఎవరూ నేర్పరు. బుజ్జిగాడికి ఉగాది నాటికే వచ్చింది. మనం తిందాం, మనం పోదాం, మన రైలు. అటువంటివాడు ఆ రోజు నుంచి "మన" అనడం మానివేశాడు. మీ ఇల్లు, మీ మంచం, మీ పాప. అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్ద "మీ బువ్వ". హైదరాబాదులో తానూ నాన్నా ఉండే ఇల్లు మాత్రం "మా ఇల్లు". ఒక మధ్యాహ్నం చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కొని, "నేను మా ఇంటికి పోతా" అని గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని ఏడ్చింది.

ఆ రాత్రి మా ఆవిడ పాల గిన్నె కడుగుతూ, నా వైపు చూడకుండానే అన్నది: "వీడి అమ్మ కూడా ఇట్లాగే గేటు పట్టుకొని నిలబడేదండీ. వారం రోజులు."

"ఎప్పుడు?"

"అబ్బాయి పుట్టినప్పుడు. దానికి మూడో ఏడు. మీరు స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళారు గదా."

నాకు ఆ వేసవి బాగా గుర్తున్నది. పదవ తరగతి తెలుగు జవాబుపత్రాలు. ఉదయం ఇరవై, మధ్యాహ్నం ఇరవై. ఎండ, మట్టికుండలో నీళ్ళు, ఎర్రసిరా. తోటి పండితులతో సంధి పేర్ల మీద వాదాలు. కొడుకు పుట్టాడని కబురు రాగానే స్వీట్లు పంచి, ఒక పూట వచ్చి చూసి, మరునాడు తిరిగి వెళ్ళాను. గేటు పట్టుకొని నిలబడిన మూడేళ్ళ పిల్ల మాత్రం నా జ్ఞాపకంలో ఎక్కడా లేదు. మరచిపోయినది కాదు. నేను చూడలేదు.

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"మీరు వచ్చేసరికి మానేసింది" అన్నది ఆవిడ, గిన్నె బోర్లించి.

మరునాడు నా మొదటి జవాబును నేనే దిద్దుకున్నాను. ఇక "చెల్లి వల్ల" అన్న మాట ఎవరూ అనకూడదని ఇంట్లో చెప్పాను. ఎత్తుకోకపోవడానికి కారణం డాక్టరమ్మ. అమ్మకు నడుము నొప్పి, డాక్టరమ్మ వద్దన్నది, అంతే. (ఆ మహాతల్లి క్షమించుగాక. ఇప్పుడు వాడు ఆమెను చూస్తే నాలుక చాపుతాడు.) మంచం తీసివేసి అమ్మాయికి హాలులో నేల మీద రెండు పరుపులు వేశాము. ఎత్తుకోవడానికి వీలులేదు గానీ ఒళ్ళోకి ఎక్కడానికి అభ్యంతరం లేదు కదా! ఆమె గోడకు ఆనుకొని కూర్చుంటే, వాడు తనంతట తాను ప్రక్క నుంచి ప్రాకి ఎక్కాలి. మొదటి రోజు రాలేదు. రెండవ రోజు రాలేదు. అమ్మాయి పిలవడం మానివేసి, ఒక గిన్నెలో మరమరాలు పెట్టుకొని ఒక్కొక్కటే తింటూ కూర్చున్నది. మూడవ రోజు గిన్నె కోసం వచ్చినవాడు ఉండిపోయాడు.

పొట్ట మీద చెవి పెట్టడం వాడి స్వంత ఆలోచన. తరువాత అరచెయ్యి ఫోనులా చెవికి పెట్టుకొని పొట్టతో "హలో" అన్నాడు. ఏడవ నెల బిడ్డకు బయటి చప్పుళ్ళు వినబడతాయని డాక్టరమ్మ చెప్పినదే. ఈ "హలో" విన్నదో, అమ్మమ్మ తాలింపు చప్పుడు విన్నదో, లోపలి నుంచి ఒక తన్ను వచ్చింది. వాడు వెనక్కు పడి, లేచి, ఇల్లంతా తిరిగి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు: "తన్నింది! నన్ను తన్నింది!" ఫిర్యాదో, గొప్పలు చెప్పుకోవడమో, పోల్చుకోలేకపోయాను.

పోయిన వారం 32 వారాల స్కానింగు అయింది. మాయ పైకి జరిగింది. డాక్టరమ్మ ఆ మాట అనగానే అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న కాన్పు గురించి కాదు. "పెద్దవాణ్ణి ఎత్తుకోవచ్చా అండీ?" కూర్చొని, ఎవరైనా అందిస్తే, కాసేపు... అని అనుమతి వచ్చింది. దారి పొడుగునా ఆటోలో ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకొని వాటినే చూసుకుంటూ కూర్చున్నది. ఇంటికి రాగానే హాలులో కుర్చీ వేసుకొని, "బుజ్జీ, రా, ఎత్తుకుంటాను. నాన్నగారూ, వాణ్ణి కాస్త అందించండి" అన్నది.

వాడు నిఘంటువుల రైలు మీద నుంచి లేచి వచ్చి, తల్లిని ఎగాదిగా చూశాడు. చేతులు చాచలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకొని క్రిందికి లాగుతూ, పరుపు చూపించి, "అమ్మా, కిందికి రా. కూచో" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. తరువాత మెల్లగా కుర్చీ దిగి పరుపు మీద కూర్చున్నది. వాడు ప్రక్క నుంచి ప్రాకి ఎక్కాడు.

నిన్న సాయంత్రం రేపల్లె బండి వెళ్ళిపోయిన తరువాత, ఇంటికి పోదామా అన్నాను. "మన ఇంటికి పోదాం" అన్నాడు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ మాట! పంతులుబుద్ధి పోనిచ్చుకోక, "మనం అంటే ఎవరెవరు నాన్నా?" అని అడిగాను. వ్రేళ్ళు మడిచాడు. "నేను, అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాత, రైలు."

"మరి పాపాయి?"

ఆలోచించాడు. "అది ఇంకా రాలేదుగా" అన్నాడు.