చౌక ఊరికి కాపురం

"గరికపాడు వచ్చిందా?"

బస్సు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్న మా ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగింది. వచ్చింది. పాలేరు వంతెన దాటాం. వెనక తెలంగాణ, ముందు ఆంధ్రప్రదేశ్. మామూలుగా అయితే పండక్కి ఊరెళ్లేటప్పుడు ఈ వంతెనను పట్టించుకోం. ఈసారి అలా కాదు. ఇల్లు వెతుక్కోవడానికి వస్తున్నాం.

హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా అద్దె ఇళ్లలోనే ఉన్నాం. సంక్రాంతి వెళ్లిన మర్నాడు ఇంటాయన పిలిచి, ఏప్రిల్ నుంచి అద్దె పెంచుతున్నానన్నాడు. ఇప్పటికే నెలకు 22 వేలు. మెయింటెనెన్స్ మరో మూడు వేలు. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు మా ఆవిడే అంది, "పోనీ మీ ఊరివైపు వెళ్లిపోతే?" అని. విజయవాడ ఎడిషన్‌కి బదిలీ అడిగితే ఇస్తారు. కానీ విజయవాడలోనూ అద్దెలు తక్కువేం కాదు. దానికి యాభై కిలోమీటర్ల ఇవతల నందిగామ ఉంది. మరికాస్త ఇవతల జగ్గయ్యపేట ఉంది. రెండూ ఒకే హైవే పక్కన ఉన్నాయి. రెండు చోట్లకీ ఆర్టీసీ బస్సులున్నాయి. రెండూ చౌకే అని అందరూ అంటారు. సరే, చూసొద్దాం అనుకున్నాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని కూడా తీసుకుని మాఘ పౌర్ణమి ముందు రోజు బయల్దేరాం.

పేటలో ఒక పూట

చిల్లకల్లు దగ్గర హైవే దిగితే జగ్గయ్యపేట. 'పేట' అంటే చాలు, ఈ చుట్టుపక్కల వాళ్లకు అర్థమైపోతుంది. 2011 లెక్కల ప్రకారం జనాభా యాభై వేలు దాటింది. ఊరికి దక్షిణాన కృష్ణ. ముక్త్యాల, వేదాద్రి ఆ ఒడ్డునే ఉన్నాయి. నేలలో సున్నపురాయి ఉండటంతో జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. లారీల వరస, స్పేర్ పార్టుల దుకాణాలు, టైర్లకు పంక్చర్లు వేసే షెడ్లు.. ఊళ్లోకి అడుగుపెట్టగానే కనిపించేవి ఇవే.

ఈ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో మా అమ్మాయికి చెప్పాను. పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు నిలవాలని ఈ పేట పెట్టాడు. తల్లి అచ్చమ్మ పేరున కృష్ణకు అవతల అచ్చంపేట వెలిసింది. ఆయన కూడా కాపురం మార్చినవాడే సుమా! పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చాడు. అక్కడ కొత్త ఊరు కట్టడానికి ఇటుకల కోసం దిబ్బ తవ్విస్తుంటే బౌద్ధ స్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసింది దాన్నే.

పేటకూ ఒక స్తూపం ఉంది. ఊరి దగ్గరి ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనాలు దొరికాయి. చక్రవర్తి మీద నాణేల వాన కురుస్తున్న ప్రసిద్ధ శిల్పమూ ఇక్కడిదే. అయితే దాన్ని చూడాలంటే చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి.

"అంటే ఈ ఊళ్లో మంచివన్నీ సిటీకి వెళ్లిపోయాయన్నమాట" అంది మా అమ్మాయి. నవ్వాం కానీ, ఆ మాట కాసేపు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మేమూ అలా వెళ్లినవాళ్లమే కదా!

బస్టాండ్ పక్కన టీ కొట్టు నడిపే ఆయన మా వెతుకులాట విని కూర్చోమన్నాడు. ఆయన కూడా హైదరాబాద్‌లో పన్నెండేళ్లు డ్రైవింగ్ చేసి 2020లో తిరిగొచ్చేశాడట. ఆ ఏడాది మార్చి చివరి వారం గుర్తుందా అని అడిగాడు. మర్చిపోవడం ఎలా సాధ్యం! లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పిల్లలు, చిరుద్యోగులు పోలీసులిచ్చిన అనుమతి పత్రాలు పట్టుకుని సొంతూళ్లకు బయల్దేరారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. వందల వాహనాలు, అర్ధరాత్రి దాకా రోడ్డు మీదే పడిగాపులు. "మా అత్తగారిల్లు పది కిలోమీటర్లు. నేను మాత్రం వంతెనకు అవతల. అప్పుడనుకున్నానండీ, ఉంటే గింటే మనోళ్లున్న వైపునే ఉండాలని" అన్నాడాయన. టీ డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇళ్లు రెండు చూశాం. పై అంతస్తు, రెండు పడగ్గదులు, ఎనిమిది వేలు. గాలి, వెలుతురు బాగున్నాయి. కానీ నేను రోజూ విజయవాడ వెళ్లి రావాలంటే రానూపోనూ నూట యాభై కిలోమీటర్ల పైమాటే. పైగా మా పని ముగిసేది రాత్రి తొమ్మిదికి. పేట ఆశ అక్కడితో వదులుకున్నాం.

మీరేమిట్లు?

నందిగామ చేరేసరికి మధ్యాహ్నం మూడు. దారి పొడవునా పొలాల్లో ఎర్రటి కల్లాలు. మిర్చి ఎండబెట్టే రోజులివి. ఇది మెట్ట ప్రాంతం. డెల్టాలో కనిపించే కాలవలు, కొబ్బరి చెట్లు ఇక్కడ ఉండవు. సాగర్ ఎడమ కాలవ చివరి ఆయకట్టు ఇది. నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పత్తి, మిర్చి, కంది, గట్ల మీద సుబాబుల్ తోటలు. ఇక్కడి బజారు బాగుందా లేదా అన్నది మిర్చి ధరను బట్టి ఉంటుంది. 2025లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. "ఆ ఏడాది గాంధీ బొమ్మ దగ్గర బట్టల కొట్లన్నీ ఈగలు తోలుకున్నాయి" అన్నాడు మమ్మల్ని ఇళ్లు చూపించడానికి తిప్పిన ఆటో అబ్బాయి.

జిల్లా విడగొట్టినప్పుడు, అంటే 2022 ఏప్రిల్ 4న, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, రెవెన్యూ డివిజన్ కేంద్రమూ అయింది. అయినా ఎవరినడిగినా 'కృష్ణా జిల్లా' అనే అంటారు. చిత్రమేమిటంటే, సరిహద్దులు మారడం ఈ నేలకు కొత్త కాదు. చుట్టూ నిజాం రాజ్యం ఉన్న మునగాల పరగణా ఒకప్పుడు ఈ నందిగామ తాలూకాలోదే. తర్వాత నల్గొండ జిల్లాలో కలిసింది. ఇటు చూస్తే, చుట్టూ బ్రిటిష్ పాలన ఉన్న పరిటాల నిజాంది. వజ్రాల గనుల కోసం అట్టిపెట్టుకున్నాడని చెబుతారు. ఒక గీత ఇటు జరిగినా అటు జరిగినా మనిషి బతుకు మారిపోవడం ఈ ప్రాంతం చాలాసార్లు చూసింది.

'టు-లెట్' బోర్డులున్న ఇళ్లు నాలుగు చూశాం. మూడో ఇల్లు నచ్చింది. కింది వాటా, ముందు చిన్న వరండా, వెనక బావి, జామచెట్టు. తొమ్మిది వేలు. రెండు నెలల అడ్వాన్సు. ఇంటావిడ మంచినీళ్లిచ్చి, మా ఆవిడ పుట్టిల్లు ఎక్కడో, నేను ఏం రాస్తానో అన్నీ కనుక్కున్నాక మెల్లగా అడిగింది.

"ఇంతకీ మీరేమిట్లు?"

హైదరాబాద్‌లో పదిహేనేళ్లలో మాకీ ప్రశ్న ఎదురవలేదని కాదు. కానీ ఇంత మామూలుగా, చక్కెర ఎంత వేయమంటారు అన్నట్టు ఎవరూ అడగలేదు. నేను మా ఊరి పేరు చెప్పి మాట దాటేశాను. ఊరి పేరు వినగానే మా నాన్న పేరు కూడా ఆవిడే చెప్పేసింది! దాచడానికేమీ మిగల్లేదు. అద్దె తక్కువ ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. అది ధైర్యమూ అవుతుంది, బరువూ అవుతుంది.

కాగితం మీద లెక్క

సాయంత్రం హోటల్లో ఇడ్లీ తింటూ మా ఆవిడ కాగితం తీసింది. హైదరాబాద్‌లో ఇల్లు, అమ్మాయి స్కూలు, స్కూలు బస్సు కలిపి నెలకు 37,500. నందిగామలో ఇల్లు 9,000, స్కూలు ఫీజు నెలకు సగటున 4,500, నా రాకపోకలకు 4,000. మొత్తం 17,500. అంటే 20 వేలు మిగులు!

అంతలోనే ఆవిడ కింద గీత గీసి ఇంకో అంకె వేసింది. ఆవిడ టీచరు. హైదరాబాద్‌లో జీతం 28 వేలు. ఆ మధ్యాహ్నమే రెండు స్కూళ్లలో అడిగింది. ఎక్కడా 14 వేలు దాటలేదు. ఇరవైలోంచి పద్నాలుగు పోతే ఆరు. వాళ్ల అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనే ఉన్నారు. నెలకోసారి వెళ్లొస్తే ముగ్గురికీ మూడు వేలు. మిగిలింది మూడు వేలు.

"మూడు వేల కోసమా ఇదంతా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చౌక ఊరు అంటే ఖర్చు ఒక్కటే చౌక అనుకుంటాం. జీతమూ చౌకే. పైగా ఆ లెక్కలో ఆసుపత్రి లేదు. నందిగామలో ప్రభుత్వాసుపత్రి ఉన్నా, గుండె నొప్పి అంటే విజయవాడకే పరుగెత్తాలి. ఆ రోడ్డేమైనా నమ్మకమైనదా? 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. నందిగామ, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఈ మున్నేరు, పాలేరు కూడా ఊరుకోలేదు. గరికపాడు వంతెనే దెబ్బతింది.

తొమ్మిదో తరగతి గడప

డబ్బు లెక్క ఎటూ తేలకపోయేసరికి అసలు ప్రశ్న ముందుకొచ్చింది. అమ్మాయి ఏ రాష్ట్రం పిల్ల?

1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, స్థూలంగా చెప్పాలంటే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరసగా ఎక్కడ చదివితే విద్యార్థి అక్కడ స్థానికుడు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తెలంగాణ 2024లో వైద్య విద్యకు ఈ నాలుగేళ్ల నిబంధననే గట్టిగా పెట్టింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ నుంచి ఆంధ్రకు తరలిన కుటుంబాలకు వెసులుబాటు ఇచ్చారు. మొదట మూడేళ్ల గడువన్నారు, తర్వాత పొడిగించారు. అది 2014 నాటి మాట. ఇప్పుడు తరలేవాళ్లకు మామూలు నిబంధనే దిక్కు.

2016 జూన్‌లో సచివాలయ ఉద్యోగులను వెలగపూడికి రమ్మన్నప్పుడు ఎంతమంది ఇలా తర్జనభర్జన పడ్డారో! వారానికి ఐదు రోజుల పనిదినాలిచ్చారు. వాళ్ల కోసం ప్రత్యేకంగా రైలూ వేశారు. అయినా చాలామంది కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి, శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం పొద్దున దిగేవారు. అప్పట్లో వాళ్ల మీద వార్తలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని. 'పిల్లల చదువుల కోసమే' అని వాళ్లంటే అదేదో సాకు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది.

మా అమ్మాయికి జూన్‌లో తొమ్మిది మొదలవుతుంది. వస్తే ఈ జూన్‌కే రావాలి. ఏడాది ఆగి పదిలో వస్తే ఆ నాలుగేళ్లు రెండు ముక్కలవుతాయి. ఇక రాకపోతే ఇంటర్ అయ్యేదాకా కదలకూడదు. అద్దె సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఈ గడప మాత్రం ఆగదు.

మున్నేటి ఒడ్డున

మర్నాడు పొద్దున్నే మా అమ్మ దగ్గరికి వెళ్లాం. నందిగామకు పదకొండు కిలోమీటర్లు. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. పొలం కౌలుకిచ్చేసింది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లే బళ్లు ఊరి మీదుగా పోతున్నాయి. ఏటా తప్పకుండా వెళ్లేది, ఈసారి మోకాళ్లు సహకరించక అరుగు మీదే కూర్చుని బళ్లు చూస్తోంది.

ఇల్లు చూశామని, అద్దె చౌకగా ఉందని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"చౌకని రాబాకండ్రా. చౌకని వచ్చినోడు రేపు ధర పెరగ్గానే ఇంకో ఊరు చూసుకుంటాడు. ఉండాలని ఉంటే రండి. నా కోసమైతే అసలే వద్దు, నాకేం తక్కువైంది?"

అంటూనే లేవబోయి, గోడ పట్టుకుంది. మా ఆవిడ గబుక్కున వెళ్లి చెయ్యందించింది.

రెండు రోజులుగా పెద్దగా నోరు విప్పని మా అమ్మాయి అప్పుడు అడిగింది. "నాన్నా, మనం నందిగామలో ఉంటే ఆదివారాలు నేనొక్కదాన్నే బస్సెక్కి నానమ్మ దగ్గరికి రావచ్చా?"

హైదరాబాద్‌లో వీధి చివరి దుకాణానికి కూడా తనను ఒంటరిగా పంపం. ఇక్కడ పల్లెవెలుగు బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టూ లేదు. డ్రైవర్ దగ్గర్నుంచి అరుగుల మీద కూర్చునేవాళ్ల దాకా అందరికీ ఫలానావాళ్ల మనవరాలని తెలుస్తుంది. నిన్న 'మీరేమిట్లు' అన్నప్పుడు చిరాకేసిందే, ఆ ఊరే ఇవాళ పిల్లకు కాపలా. రెండూ ఒకే చోట దొరుకుతాయి. ఒకటి వద్దని ఇంకోటి తెచ్చుకోలేం.

"రావచ్చు" అంది మా ఆవిడ, నాకంటే ముందే.

తిరుగు ప్రయాణంలో నందిగామలో దిగి, జామచెట్టు ఇంటావిడకు ఒక నెల అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది మే నెలలో. అయితే మా ఆవిడ షరతు ఒకటుంది. తను పద్నాలుగు వేలకు ఒప్పుకోదట. ఏడాదిపాటు ఇంట్లో ట్యూషన్లు చెప్పి చూస్తుంది. కుదరకపోతే విజయవాడ స్కూళ్లలో ప్రయత్నిస్తుంది. అప్పుడు పొద్దున్నే వంట, అమ్మాయి స్కూలు నా పూచీ. నేను సరేనన్నాను. అంటే ఆ మూడు వేల మిగులు కూడా ప్రస్తుతానికి లేనట్టే!

గరికపాడు దాటుతుంటే కిటికీలోంచి పాలేరు కనిపించింది. మాఘ మాసం కదా, నీళ్లు సన్నగా పారుతున్నాయి. మా ఆవిడ ఈసారి నిద్రపోలేదు. ఫోన్ తీసి హైదరాబాద్ ఇంటాయనకు చెప్పింది, ఏప్రిల్, మే నెలలకు పెంచిన అద్దే ఇస్తాం, జూన్‌లో ఖాళీ చేస్తున్నాం అని.