జాన్ మార్స్టన్ వయసెంత? మరి మన వయసెంత?



మొన్న రాత్రి హాస్టల్లో మా రూం వాళ్లం ఒక లెక్కలో పడ్డాం. రెడ్ డెడ్ రిడెంప్షన్ గేముల్లో జాన్ మార్స్టన్ వయసెంత? 2010లో వచ్చిన మొదటి గేము చివర్లో అతని సమాధి మీద 1873 - 1911 అని ఉంటది. 2018లో వచ్చిన రెండో గేము కథ 1899లో మొదలవుతుంది. అంటే అందులో 26, చనిపోయేటప్పుడు 38. నెల రాసి లేదు కాబట్టి ఒక ఏడాది తక్కువైనా కావచ్చు.

అంతలో ఒకడు "మరి మన వయసెంతరా?" అన్నాడు. నలుగురం సర్టిఫికెట్లు తీశాం. నలుగురిదీ జూన్ నెలే! బడిలో చేర్చినప్పుడు చెయ్యి తల మీదుగా చెవికి అందిందా అని చూసి వేసిన తేదీలు అవి. మాలో ఒకడిది 2005 జూన్. వాళ్లమ్మేమో "గోదారి పెద్ద వరదకు మూడు రోజుల పిల్లోడివి, గుట్ట మీదికి మోసుకుపోయాం" అంటది. ఆ వరద వచ్చింది 2006 ఆగస్టులో. కాగితం వాడికి ఏడాది పైనే ఎక్కువ వేసింది. రేపు ఉద్యోగానికి వయసు చూసేది ఆ కాగితమే.

సెలవులకు ఇంటికి పోతే అడగండి: మేం పుట్టినప్పుడు వరదా, కరువా, ఊళ్లో ఏ పండగ? రాసి పెట్టుకోండి. తమ్ముళ్లను, చెల్లెళ్లను బడిలో వేసేటప్పుడైనా అసలు తేదీ చెప్పిద్దాం.