దిబ్బలు తవ్విన చెయ్యి

పది పనులు తెలిసినవాణ్ణి మనవాళ్లు మెచ్చుకుంటూనే అనుమానిస్తారు. ఇన్నిటి వెంట పడేవాడికి ఏ ఒక్కటైనా పూర్తిగా పట్టుబడుతుందా అని. నికొలాస్ రోరిక్ విషయంలో ఆ అనుమానం మరీ సహజం. చిత్రకారుడు, నాటకరంగానికి తెరలూ దుస్తులూ రూపొందించినవాడు, పురావస్తు పరిశోధకుడు, కవి, న్యాయశాస్త్ర పట్టభద్రుడు, యాత్రికుడు. వేసిన బొమ్మలు ఏడు వేల దాకా ఉంటాయంటారు. అంత పొడుగు జాబితా వెనక మనిషి కనపడటం కష్టం.

నాకు ఆయన కాస్త కనిపించేది చిన్నప్పటి ఊళ్లో. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఆ పిల్లవాడికి నగరం కన్నా ఇజ్వారా అనే తమ పల్లె ఎస్టేటు ఇష్టం. ఆ చుట్టుపక్కల పాతకాలపు సమాధి దిబ్బలుండేవి. పురావస్తు పరిశోధకుడొకాయన వాటిని తవ్వడానికొస్తే కుర్రవాడు వెంటపడి వెళ్లాడు. ఎవరివో తెలియని నగలూ పనిముట్లూ మట్టిలోంచి చేతికి రావడం ఆ వయసులో చూసినవాడు, ఆ తరవాత దేన్ని చూసినా దాని కింద ఇంకేముందోనని చూడకుండా ఉండలేకపోయాడు. ఆయన కళలన్నీ ఆ దిబ్బల్లోంచే వచ్చాయనిపిస్తుంది నాకు.

తండ్రి నోటరీ. కొడుకు లా చదవాలని పట్టు. కొడుక్కి బొమ్మల మీద మనసు. చివరికి 1893లో విశ్వవిద్యాలయంలో లా, కళా అకాడమీలో చిత్రలేఖనం, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. లా పట్టా కోసం రాసిన వ్యాసానికి ఎంచుకున్న విషయం మాత్రం ప్రాచీన రష్యాలో కళాకారుల న్యాయస్థితి! తండ్రి మాటా నెగ్గింది, కొడుకు పంతమూ నెగ్గింది.

1903, 1904 వేసవుల్లో భార్య హెలీనాతో కలిసి రష్యాలోని పాత పట్టణాలు తిరిగి కోటలూ చర్చీలూ వరసగా వేశారు. ఎన్నో ఆలనాపాలనా లేక పడి ఉన్నాయి. బొమ్మ వేస్తే సరిపోదు, వీటిని చట్టంతో కాపాడాలి అన్న ఆలోచన అక్కడే మొలిచింది. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ ‘వసంతార్చన’ బాలే మొదటి రాత్రి ప్రేక్షకులు గోల చేసి రభస సృష్టించిన సంగతి సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఇతివృత్తాన్ని స్ట్రావిన్‌స్కీతో కూర్చుని అల్లినవారూ, రంగాలంకరణా దుస్తులూ గీసినవారూ రోరిక్కే. క్రైస్తవం రాకముందు రష్యా నేల మీద జరిగి ఉండే క్రతువులు అవి. దిబ్బల కింద పడుకున్నవాళ్లని లేపి, బట్టలు కట్టి, పారిస్ రంగస్థలం మీదికి తోలుకొచ్చారన్నమాట.

ఇక ప్రయాణాలు. 1923లో భారతదేశానికి వచ్చారు. 1925లో భార్యనీ, టిబెటన్ భాషా పండితుడైన పెద్ద కొడుకు యూరీనీ వెంటబెట్టుకుని శ్రీనగర్, లదాఖ్, ఖోతాన్, కాష్‌గర్, ఆల్టాయ్, మంగోలియా మీదుగా సాగారు. మధ్యలో మాస్కో కూడా వెళ్లొచ్చారు. గూఢచారి అని బ్రిటిష్ వాళ్లు అనుమానించడంలో వింతేమీ లేదు. 1927 శరత్కాలంలో టిబెట్ పీఠభూమి మీద బిడారు ఆగిపోయింది. ముందుకు పోవడానికి అనుమతి రాదు, వెనక్కి మళ్లడానికీ లేదు. ఎముకలు కొరికే చలిలో, వేసవికి సరిపోయే గుడారాల్లో, దాదాపు అయిదు నెలలు. పశువులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి, మనుషులూ పోయారు. సంచార జీవితం అనగానే మనం కదలికనే ఊహించుకుంటాం. ఆయన యాత్రలో నన్ను ఎక్కువసేపు నిలిపేది ఈ ఆగిపోవడమే. పాత జాతుల దారులు వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ఆ నేల తనను తాను పై నుంచి కింది దాకా చూపించింది, కానీ ఒక్క అడుగు కదలనివ్వలేదు. శంభల అనే దివ్యసీమ కోసం ఆయన చేసిన వెతుకులాట మీద నాకు నమ్మకం లేదు. ఆ చలి మీద మాత్రం ఉంది.

ఆ తరవాత కులూ లోయలో, బియాస్ నదికి పైన, నగ్గర్‌లో ఇల్లు. హిమాలయాల బొమ్మలు వందల కొద్దీ అక్కడే వేశారు. తైలవర్ణాలు కాలం గడిచేకొద్దీ నల్లబడతాయని టెంపెరా ఎంచుకున్నారు. అన్నీ ఒక్క వరసలో చూస్తే విసుగొస్తుంది, నిజమే చెప్పుకోవాలి. విడిగా ఒకదాని ముందు నిలబడితే అలా కాదు. నీలాల మీద నీలాలు, వాటి మీద గులాబి వెలుగు, ఎక్కడో మూల గుర్రం మీద గోరంత మనిషి. ఆ కొండలు కూడా ఆయన కంటికి తవ్వకంలో బయటపడ్డ పొరల్లాగే కనిపించి ఉంటాయి.

నగ్గర్‌కి మన దారి కూడా ఉంది. 1914లో గుంటూరు జిల్లా తుమ్మపూడిలో పుట్టిన సంజీవదేవ్ యౌవనంలో హిమాలయాలు తిరుగుతూ ఆ ఇంటికి చేరి, ఆ కుటుంబంతో గడిపారు. ఆయన కూడా బొమ్మలూ వ్యాసాలూ ఉత్తరాలూ అన్నీ ఒకే చేత్తో నడిపినవారే. తేడా ఏమంటే, ఆయన తిరిగి తన పల్లెకే వచ్చి అక్కడే స్థిరపడ్డారు. రోరిక్‌కి ఇజ్వారా మళ్లీ దక్కలేదు. నగ్గర్ ఇంటితో మనవైపు బంధం ఇంకొకటి కూడా ఉంది: వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి 1945లో రోరిక్ చిన్నకొడుకు స్వెతొస్లావ్‌ని పెళ్లాడి ఆ ఇంటి కోడలైంది.

ఎప్పుడో పాత చర్చీల ముందు మొలిచిన ఆలోచన, 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాల దేశాల సంతకాలతో రోరిక్ ఒప్పందమైంది. యుద్ధంలోనూ శాంతిలోనూ కళాసంపదకూ విద్యాలయాలకూ రక్షణ దాని సారం. తండ్రి కోసం చదివిన లా అలా కలిసొచ్చింది. 1947 డిసెంబరులో ఆయన నగ్గర్‌లోనే కన్నుమూశారు. ఆ తరవాత మన ప్రభుత్వం ఆయన్ని రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్‌ల సరసన తొమ్మండుగురు చిత్రకారుల్లో ఒకరిగా చేర్చి, వారి చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. కాబట్టి సరిహద్దులు దాటడమే జీవితంగా గడిపిన మనిషి బొమ్మలు ఇక్కడున్నవాటిని ఇప్పుడెవరూ దేశం దాటించి అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు.